చీజు తిప్పే చెయ్యి

మా వైపు కాలువలు గడ్డకట్టాయంటే మనుషులకు మతి నిలవదు. ఏళ్ళ తరబడి చలికాలమంతా ముసురుతోనే వెళ్ళిపోతుంది. ఎప్పుడో ఒకసారి వరసగా కొన్ని రాత్రులు చలి బిగిస్తుంది. అంతే, పాస్టరు దగ్గర్నుంచి పశువుల డాక్టరు దాకా అందరూ అటక మీది స్కేట్లు దింపుకుంటారు. ఆ ఏడాది నేనూ దింపుకున్నాను. అరవైకి దగ్గర పడుతూ ఈ వేషాలేమిటని అడిగేవాళ్ళు మా పొలాల మధ్య పుట్టి ఉండరు. వాళ్ళకు నేను జవాబు చెప్పను.

"నేల్చె, వంతెన కింద మంచు పల్చగా ఉంటుంది, చూసుకో" అన్నాడు నా మొగుడు తూనిస్. తను స్కేటింగు చెయ్యడు. గట్టు మీద నిలబడి బఠాణీ సూపు తాగుతూ అందరికీ సలహాలు చెబుతాడు. నేను వంతెన దాకా పోనేలేదు. పోకముందే ఎవరిదో కుక్క కాళ్ళకు అడ్డం పడింది. కుడిచెయ్యి చాచి ఆ చేతి మీదే పడ్డాను. మోచేతిలో ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

ఆసుపత్రి వరండాలో ఊరు ఊరంతా కూర్చుని ఉంది. బడిపంతులు మణికట్టు పట్టుకుని, బేకరీ ఆవిడ భుజం పట్టుకుని.

"మంచు బాగుంది కదా నేల్చె?" అన్నాడు పంతులు, నొప్పికి పళ్ళు బిగించి.

"బ్రహ్మాండం" అన్నాను నవ్వేస్తూ.

నా వంతు వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. ముంజేతిలో బొటనవేలి వైపు ఎముకకు పైచివర ఒక చిన్న గుండ్రటి తల ఉంటుంది. అరచేతిని పైకీ కిందికీ తిప్పినప్పుడల్లా మోచేతిలో తిరిగేది అదే. నాది ముక్కలు చెక్కలైంది. దానికి తోడు మోచేతి కీలు తప్పింది, దాన్ని పట్టి ఉంచే లిగమెంటు తెగింది. అక్కడి సర్జను ముక్కలన్నీ ఏరేసి లోహపు తల ఒకటి పెట్టాడు. ఆ తల ఒక చిన్న బంతి మీద కూర్చుని, ఎటు కావాలంటే అటు ఒరుగుతుందట.

"తెలివైన డిజైను. ఎముక కాస్త అటూ ఇటూ ఉన్నా అదే సర్దుకుపోతుంది" అన్నాడాయన. సర్దుకుపోయే గుణం మంచిదేగా అనుకున్నాను. నాకు ఎటూ లేదు, నా మోచేతికైనా వస్తుంది కదా అని.

గాయం మానింది. చెయ్యి ముడుచుకుంది, చాచుకుంది. వ్యాయామాలు చేయించే అమ్మాయి తెగ మెచ్చుకుంది. చెంచా పట్టుకున్నాను, దువ్వెన పట్టుకున్నాను, సైకిలెక్కి మార్కెట్టుకు పోయొచ్చాను. ఇక మిగిలింది చీజు.

చీజు చెయ్యడం ఎవరైనా నేర్చుకోవచ్చు. తిప్పడం దగ్గరే మనిషి బయటపడతాడు. మా ఆవుల పాలు తొట్టిలో విరగ్గొట్టి, తేట తీసి, అచ్చుల్లో పోసి ప్రెస్సు కింద ఒత్తి, ఉప్పునీళ్ళలో నానేసి, ఆ చక్రాల్ని వెనకగదిలో చెక్కబల్లల మీద వరసగా పేరుస్తాం. ఒక్కోటి పన్నెండు కిలోలు తూగుతుంది. పచ్చివాటిని రోజూ తిప్పాలి, ముదిరేకొద్దీ కాస్త తీరిక మీద తిప్పొచ్చు. తిప్పకపోతే అడుగు చెమ్మెక్కి పాడవుతుంది, చక్రం ఒక పక్కకు కుంగిపోతుంది. కుడి అరచేతిని వెల్లకిలా చక్రం కిందికి తోసి, ఎడమచేతిని మీద ఆనించి, ఒక్క ఊపున బోర్లించాలి. దించేటప్పుడు చప్పుడు కాకూడదు. చప్పుడైతే మా అత్తగారు వంటింట్లోంచే "ఎవరు పోయారక్కడ?" అని కేకేసేది. ఆవిడ పోయి చాలా కాలమైంది, ఇప్పటికీ చప్పుడైతే నేను ఉలిక్కిపడతాను.

మే నెలలో, ఆవులు పచ్చికలోకి దిగిన వారంలో, మొదటి చక్రం కింద చెయ్యి పెట్టి ఎత్తాను. మోచేతిలో ఏదో టక్కున జారింది. చేతిలో బలమంతా ఎవరో లాగేసుకున్నట్టు పోయింది. చక్రం నేల మీద పడి రెండైంది. మర్నాడు ఇంకోటి పడింది. ఆ మర్నాడు తూనిస్ గది తాళం తన జేబులో వేసుకున్నాడు.

మళ్ళీ ఆసుపత్రికి వెళితే ఎక్స్‌రే తీశారు. "అన్నీ ఎక్కడివక్కడ చక్కగా ఉన్నాయి. మళ్ళీ దెబ్బ తగులుతుందేమోనన్న భయం కొద్దీ చేతిని మీరే వదిలేస్తున్నారేమో" అన్నారు. భయమట! అడ్డం తిరిగిన దూడల్ని ఆవు కడుపులోంచి లాగిన చెయ్యి ఇది. దీనికి చీజంటే భయమా? ఇంటికొచ్చే దారంతా తిట్టుకుంటూనే వచ్చాను. తూనిస్ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా కారు నడిపాడు. ఆయన నన్ను నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆయన్ని తప్పు పట్టను. పాపం, తనే చీజు చెయ్యబోయాడు. విరగ్గొట్టడంలో తొందర, ఒత్తడంలో తొందర. కోసి చూస్తే లోపల అడ్డంగా పగుళ్ళు. కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి, మొహమాటం లేకుండా గుమ్మంలో పెట్టిపోయారు. దాంతో పాలన్నీ ఫ్యాక్టరీ ట్యాంకరుకు పోయడం మొదలుపెట్టాడు. "ఈ వేసవి వరకేలే" అన్నాడు. ఒక సాయంత్రం రొట్టె తింటూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"బెల్జియం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మన తొట్టీ ప్రెస్సూ కొంటానని అడుగుతున్నాడు."

"నువ్వేమన్నావ్?"

"చలికాలం లోపు ఏదో ఒకటి చెప్తానన్నా. వాడకపోతే అవీ తుప్పుపట్టిపోతాయి కదే."

నేను వెన్న కత్తి అందుకున్నాను. ఆయన ఇంకో రొట్టె తీసుకున్నాడు. మా ఇంట్లో తగవంటే అంతే, రొట్టె మీద వెన్న ఇంకాస్త గట్టిగా రాస్తాం. కానీ ఆ రోజు రాసిన రొట్టె పళ్ళెంలోనే వదిలేశాను. ఆ తొట్టి వెళ్ళిపోతే పొద్దున్నే లేచి నేనెక్కడికి పోవాలి? పెళ్ళై వచ్చిన మర్నాటి నుంచీ ఆ తొట్టి దగ్గరే నిలబడ్డాను. అక్కడ తప్ప ఇంకెక్కడా నేనంటే ఇది అని చెప్పుకోవడానికి నాకేమీ లేదు.

మా ఊరి డాక్టరే చివరికి పట్నంలో పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అక్కడ డాక్టర్ ఫెన్నా అని ఒకావిడ ఉంది. మోచేతులు తప్ప ఇంకేమీ చూడదట. మనిషిలో అంత చిన్న భాగానికి అంత పెద్ద చదువా అని నవ్వుకుంటూ వెళ్ళాను. నలభై ఏళ్ళుంటాయేమో. పొడుగ్గా, గొంతు బొంగురుగా, ఎవరికీ లొంగని రకంలా కనిపించింది. చూడగానే నచ్చింది.

"కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి, వాటి మీద బరువేసి లేవండి" అంది. లేచాను.

"కాళ్ళతో లేచారు మీరు."

"లేవడానికి కాళ్ళు కాకపోతే ఇంకేంటి డాక్టరమ్మా?"

"చేతులతో లేవమన్నాను నేను."

మళ్ళీ లేచాను, మళ్ళీ కాళ్ళతోనే. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చేతుల మీద ఆనుకుని లేచిన ఒళ్ళు కాదిది. చెయ్యి పట్టుకుని వంచింది, మెలితిప్పింది. చెయ్యి కదులుతుండగానే ఎముకలు చూపించే ఎక్స్‌రే తెర కింద పెట్టి చూసింది. ఇసకసంచీ ఇచ్చి ఎత్తమంది. ఏమీ కాలేదు. ఆ మొండి మోచెయ్యి బడి పరీక్షలో మంచి పిల్లలా కూర్చుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కనబడుతున్నాను కాబోలనుకుని నాకు ఏడుపొచ్చింది. ఈవిడ కూడా ఇప్పుడు భయమనే అంటుంది అనుకున్నాను.

"ఇంట్లో ఎప్పుడు జారుతుంది?" అంది ఫెన్నా.

"చీజు తిప్పేటప్పుడు."

"ఇంకెప్పుడు?"

"ఇంకెప్పుడూ జారదు."

ఆవిడ నా చేతిలోంచి సంచీ తీసేసుకుంది. "ఈ ఇసకసంచీని మీరు బిగబట్టి ఎత్తుతున్నారు, మీకే తెలియకుండా. అలవాటైన పని చేసేటప్పుడైతే బిగబట్టరు. వచ్చేసారి చీజు పట్టుకురండి."

తీసుకెళ్ళాం. తూనిస్ దాన్ని దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆసుపత్రి వరండాల్లో నడుస్తుంటే జనం తిరిగి తిరిగి చూశారు. ఎక్స్‌రే గదిలో రట్గర్ అని ఒక బట్టతల మనిషి ఆ యంత్రం నడుపుతాడు. గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు.

"ఈ గదిలోకి తినే వస్తువులు నిషేధం."

"అది తినేది కాదు రట్గర్, పరికరం" అంది ఫెన్నా.

"పరికరానికి ఈ వాసనేంటండీ?"

"పాతబడిన పరికరం. తలుపు వేసెయ్."

గొణుక్కుంటూనే చీజుకు ప్లాస్టిక్ తొడిగాడు. నాకు సీసపు కోటు వేశారు. తూనిస్‌ని అద్దం అవతల నిలబెట్టారు. తెర మీద నా ఎముకలు తెల్లగా, వాటి పైన చీజు మబ్బులా కనిపించాయి. నా చేతి సంగతి మర్చిపోయి ఆ మబ్బునే చూస్తుండిపోయాను. ఇన్నేళ్ళు చేశాను కానీ కొయ్యకుండా చీజు లోపల ఎలా ఉంటుందో ఎప్పుడు చూశాను గనక?

"మీ చీజు పగిలిందండీ, ఇదిగో అడ్డంగా" అన్నాడు రట్గర్.

"నాది కాదు, ఆయనది" అని అద్దం వైపు చూపించాను. తూనిస్ తన బూట్లు చూసుకున్నాడు.

"సరే, ఇంట్లో ఎలా తిప్పుతారో అలాగే తిప్పండి. మా వంక చూడకండి" అంది ఫెన్నా. అరచెయ్యి వెల్లకిలా కిందికి తోశాను. ఎత్తాను. టక్.

ఫెన్నా కింద చేతులు పెట్టి చక్రాన్ని ఆపింది. తర్వాత రట్గర్ తెర మీద పడిన ఆ బొమ్మను మొదటి నుంచి మెల్లగా నడిపి చూపించాడు. చేతి మీద బరువు పడగానే లోహపు తల తన బంతి మీద పక్కకు ఒరిగింది. అది ఒరగడమే ఆలస్యం, ముంజెయ్యి మొత్తం దాని వెంటే వెనక్కి జారింది. మళ్ళీ తనంతట తనే చోటుకు వచ్చేసింది. అందుకే నిలకడగా తీసిన బొమ్మల్లో అంతా బుద్ధిగా కనిపించింది.

"భయం కాదు! చూశారా, భయం కాదు!" అన్నాను. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకుందామంటే ఒంటి మీద ఆ సీసపు కోటు తప్ప గుడ్డ లేదు. అంత సంతోషం నాకు నా పెళ్ళినాడు కూడా కలగలేదని పైకే అనేశాను. ఆ మాట తూనిస్‌కు వినబడే ఉంటుంది.

తర్వాత ఫెన్నా తన గదిలో బల్ల మీద రెండు లోహపు తలలు పెట్టింది. ఒకటి నా చేతిలో ఉన్న రకం. వేలితో తాకితే చాలు, అటే వాలుతుంది. మా చర్చి కమిటీలో ఒకాయన ఉన్నాడు, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల ఊపుతాడు, అచ్చం అలాగే. రెండోది తలా కాడా కలిపి ఒకే ముక్క. పైన చిన్న పళ్ళెంలా గుంట ఉంది.

"పైచేతిలో ఉండే దండ ఎముక చివర ఈ గుంటలో కూర్చుంటుంది. జారాలంటే ఈ అంచు ఎక్కి దిగాలి. తల గట్టిగా నిలబడితే ఎక్కడం దానివల్ల కాదు. తలే ఒరిగితే అంచు ఇంకెక్కడుంటుంది?" అంది ఫెన్నా.

"మరి మొదటాయన నాకు ఆ తలాడించేదే ఎందుకు పెట్టినట్టు?"

"ఆయన తప్పేం చెయ్యలేదు నేల్చె గారూ. లిగమెంట్లు గట్టిగా ఉన్న మోచేతిలో అది హాయిగా పనిచేస్తుంది. మీ లిగమెంటు సరిగ్గా అతకలేదు, సాగిపోయింది. పట్టుకునేవాళ్ళు లేనిచోట సర్దుకుపోయే రకాన్ని పెడితే ఇలాగే ఉంటుంది. దాన్ని తీసి ఇది పెడతాను, లిగమెంటు మళ్ళీ కడతాను. దీని కాడ నున్నగా ఉంటుంది. ఎముక లోపల రవ్వంత వదులుగా నిలుస్తుంది."

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. "వదులా? వదులుగా ఉందనే కదా మీ దగ్గరికొచ్చింది! గట్టిగా దిగ్గొట్టండి. ఒక సైజు పెద్దదే పెట్టండి, బిర్రుగా కూర్చుంటుంది."

"పెద్దది పెడితే ఎదుటి ఎముకను రాపాడి అరగదీస్తుంది. కాడకు కాస్త చోటుంటే తల తన చోటు తనే వెతుక్కుంటుంది."

"నేను ఒప్పుకోను. వదులుగా ఉన్నదేదీ నిలవదు."

అప్పటిదాకా గోడవారన కూర్చున్న తూనిస్ నోరు తెరిచాడు. "వెనకగదిలో మా అమ్మా నువ్వూ బల్లలకు మేకులు ఎందుకు కొట్టనివ్వలేదే?"

"మేకులు కొడితే తడికి చెక్క ఉబ్బి వంకర పోతుంది, చీజు ఒరుగుతుంది. వదులుగా ఉంటేనే..." అని ఆగిపోయాను. తూనిస్ మళ్ళీ తన బూట్లు చూసుకున్నాడు. ఏడాదికి రెండు మాటలు మాట్లాడతాడు మనిషి, ఆ రెండూ నా మీదే.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆపరేషను రోజున చేతికి మాత్రమే మత్తిచ్చారు. నాకూ నా చేతికీ మధ్య ఆకుపచ్చ గుడ్డ కట్టారు. మెలకువగానే ఉండి అన్నీ వింటున్నాను. పక్కన ఎక్స్‌రే తెర కనబడేలా పెట్టమన్నాను. ఫెన్నా ఒప్పుకుంది, "కానీ నోరు మెదపకూడదు" అంది. ఎవరితో చెబుతోందో పాపం ఆవిడకింకా తెలియదు.

పాతది తీసేశారు. కొలత చూడ్డానికి తలలు ఒక్కోటీ పెట్టి చూస్తోంది. ఒకటి పెట్టి నా చేతిని మెలితిప్పింది. తెర మీద కీలు కదల్లేదు, బిగిసినట్టు నిలబడింది.

"అదే! అదే పెట్టండి!" అన్నాను గుడ్డ ఇవతల్నుంచి.

"ఇది మందం ఎక్కువ. తెర మీద ఈ పక్క ఎముకల మధ్య సందు చూడండి, నోరు తెరిచింది. ఇక్కడ తెరిచిందంటే అక్కడ నొక్కుతోందన్నమాట. రెండేళ్ళు బాగుంటుంది, తర్వాత నొప్పితో నన్నే తిట్టుకుంటారు" అంది ఫెన్నా.

తీసి పల్చనిది పెట్టింది. సందు సమానంగా మూసుకుంది. కానీ చేతిని మెలితిప్పగానే ముంజెయ్యి కొంచెం వెనక్కి జారింది. నా కళ్ళతో చూశాను.

"జారింది! జారింది డాక్టరమ్మా!"

"జారుతుంది. లిగమెంటు ఇంకా కట్టలేదుగా. పనంతా తల ఒక్కదాని మీదే వేస్తారేంటి? మీ ఇంట్లోనూ ఇంతేనా?"

గదిలో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. ఆవిడ ఎముకలో చిన్న రంధ్రం చేసి, దారాలు దూర్చి, చాలాసేపు కట్టింది. కట్టాక మెలితిప్పితే నిలబడింది, నిజమే. కానీ నా మనసులో ఆ జారుడే నిలిచిపోయింది. పల్చనిది పెట్టింది, పెద్దది పెట్టాల్సింది అని ఇంటికొచ్చినా అదే గొణుగుడు.

ఆ తర్వాత పట్టీ కట్టిన చేత్తో నెలలు గడిచాయి. అరచెయ్యి నేల వైపే చూడాలి, వెల్లకిలా తిప్పకూడదని ఫెన్నా ఆజ్ఞ. కాఫీతో బిస్కెట్టిచ్చినా ఎడమచేత్తోనే అందుకున్నాను. పట్టీ విప్పాక వ్యాయామాలు చేశాను, ఖాళీ చెయ్యి తిప్పాను, నీళ్ళచెంబు తిప్పాను. బరువు మాత్రం ఎత్తొద్దంది. తను తెర మీద చూశాకే చీజు ముట్టుకోవాలంది. వెనకగది బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. ఖాళీ బల్లలు చూడలేక ఆ తలుపు వైపు పోవడమే మానేశాను.

చెట్లు ఆకులు రాల్చేవేళకు ఒక పొద్దున తూనిస్‌కు అడ్డం నిలబడ్డాను. "ఇవాళ పొద్దుటి పాలు ట్యాంకరుకు పొయ్యొద్దు."

"ఎందుకే?"

"చీజు చేస్తాను. ఎత్తుడూ దించుడూ నీది. నోరు నాది."

"అది ఎప్పుడూ అంతేగా" అన్నాడు, కానీ పాలు తెచ్చి తొట్టిలో పోశాడు.

ఆ రోజు ఆ తొట్టి మీద వంగి వెచ్చటి పాలవాసన పీలుస్తుంటే నాకు మళ్ళీ ఊపిరి అందినట్టైంది. తొందరపడకుండా విరగనిచ్చాను. విరిగిన గడ్డను ఎడమచేత్తో కోశాను, కుడిచెయ్యి వెన్నంటి ఉంది. ఒకే ఒక్క చక్రం చేశాం. ఉప్పునీళ్ళలోంచి తీశాక దాన్ని రోజూ తూనిసే తిప్పాడు. నేను పక్కన నిలబడి "మెల్లగా! అది బండరాయి కాదు. చప్పుడు చెయ్యకు!" అని చంపుకుతిన్నాను. ఒకసారి మాత్రం తనే ఆగి అడిగాడు.

"నీ చెయ్యి కుదరకపోతే ఏం చేద్దామే? బెల్జియం ఆయన శనివారం వస్తానంటున్నాడు. లారీ కూడా మాట్లాడుకున్నాడట."

"శుక్రవారం డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నాం కదా. అక్కడ కుదరకపోతే ఇచ్చెయ్యి" అన్నాను. అనేసి పశువుల పాకలోకి పోయి, ఆవుల మధ్య నిలబడి ఏడ్చాను. ఆవులు ఏమీ అనుకోవు.

శుక్రవారం అదే గది, అదే రట్గర్. ఈసారి అడ్డం నిలబడలేదు, ప్లాస్టిక్ సంచీ ముందే తీసి పెట్టుకున్నాడు. చక్రాన్ని బల్ల మీద పెట్టారు. ఫెన్నా కింద చేతులు చాచి సిద్ధంగా నిలబడింది.

అప్పుడు వేసింది నాకు భయం, అసలైన భయం. కుడిచెయ్యి కదలనంది. పల్చని తల, వదులు కాడ, తెర మీద చూసిన ఆ జారుడు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తెర అవతల లారీ ఆగి ఉన్నట్టే అనిపించింది.

"డాక్టరమ్మా, ఆ చేతులు తీసెయ్యండి" అన్నాను.

"పడితే?"

"పడితే పడుతుంది. కింద ఎవరో ఉన్నారని తెలిస్తే నేను బిగబట్టేస్తాను. ఇంట్లో కింద ఎవరూ ఉండరు."

ఫెన్నా అద్దం వైపు చూసింది. తూనిస్ తలూపాడు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది.

అరచేతిని వెల్లకిలా చేసి చక్రం కిందికి తోశాను. తెర వంక చూడలేదు, గోడ మీది గడియారం వంక చూశాను. ఎత్తాను. చెయ్యి బరువును అందుకుంది, మోసింది. తిప్పాను. చక్రం గాలిలో బోర్లపడి బల్ల మీదికి దిగింది. మోచేతిలో చప్పుడు లేదు. బల్ల మీదా చప్పుడు లేదు. మా అత్తగారు ఏమీ అనలేదు.

"మళ్ళీ" అంది ఫెన్నా. మళ్ళీ తిప్పాను. "ఇంకోసారి." నవ్వుతూ తిప్పాను.

రట్గర్ బొమ్మను మెల్లగా నడిపించాడు. బరువు పడ్డప్పుడు లోహపు తల నిలబడే ఉంది. దండ ఎముక దాని గుంటలోనే కూర్చుని ఉంది. కాడ రవ్వంత సర్దుకుని అక్కడే ఆగింది. ఫెన్నా తెర దగ్గరికి వంగి, కీలు సందు అటూ ఇటూ సమానంగా ఉందని వేలితో చూపించింది.

"పెద్దది పెట్టమన్నారు కదా, ఇప్పుడేమంటారు?"

"మీరే గెలిచారు. మళ్ళీ మళ్ళీ అడగొద్దు" అన్నాను. ఆవిడను కావలించుకున్నాను, రెండు చేతులతో.

అందరూ మోచేతినే చూస్తున్నారు. నాకు ఇంకోటి చూడాలనుంది. "రట్గర్, ఆ యంత్రం ఇటు జరుపు. చీజు చూపించు."

యంత్రం చక్రం మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగా కదిలింది. తెరంతా ఒకే రంగు మబ్బు, మధ్యలో అక్కడక్కడా బఠాణీ గింజంత గుండ్రటి కన్నాలు, మంచి చీజుకు ఉండేవి. రట్గర్ తెరకు ముక్కు ఆనించి చూశాడు.

"పగులు లేదండీ" అన్నాడు.

తలుపు తీసుకుని తూనిస్ లోపలికొచ్చాడు. చేతిలో ఫోను ఉంది. "బెల్జియం ఆయనకి ఏం చెప్పమంటావ్?"

"తొట్టి ఇవ్వడం లేదని చెప్పు. అలాగే రేపట్నుంచి పొద్దుటి పాలు లేవని ట్యాంకరువాళ్ళకీ చెప్పు."

"చీజు కారు దాకా ఆయనే మొయ్యాలి, మోసే పని మీకింకా ఇవ్వలేదు" అని హెచ్చరించింది ఫెన్నా.

రట్గర్ ప్లాస్టిక్ విప్పుతూ చక్రాన్ని వాసన చూశాడు. "కోసి చూద్దామా? నా బ్యాగులో చాకు ఉంది."

"ఈ గదిలో తినే వస్తువులు నిషేధం కదా?"

"పరికరం అన్నారుగా."

"ఇంకా పచ్చిదిలే. ఈస్టరుకు ఇంటికి రా, కోసిపెడతాను" అన్నాను. "అప్పటిదాకా దీన్ని తిప్పుతూనే ఉండాలి. రేపు పొద్దున నేనే తిప్పుతాను."